మా అత్తమ్మ ఆర్ట్ పట్టు

మా ఇంట్లో ఒక అట్టపెట్టె ఉండేది. దాన్ని ముట్టుకునే హక్కు ఉన్న ఇద్దరికీ చదువు రాదు. చదువు వచ్చినవాళ్ళెవరూ దాన్ని ముట్టుకోకూడదు. ఆ పెట్టె మూత మీద అచ్చువేసి ఉన్న రెండు మాటలు నలభై ఏళ్ళకు పైగా ఎవరికీ తెలియకపోవడానికి కారణం ఇంతే.

ఆ ఇద్దరిలో ఒకరు మా అత్తమ్మ. రెండో మనిషిని నేను. పెట్టెలో ఉండేది అత్తమ్మ మడిచీర. కుంకుమరంగు ఒళ్ళు, పసుపుపచ్చ అంచు, దీపం ముందు నిలబడితే చీరే దీపంలా మెరిసేది. నేను కాపురానికి వచ్చిన ఏడాదే మా మామయ్య దాన్ని ఎక్కడి నుంచో పెట్టెతో సహా తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చీర మాత్రం ఉంది.

మడి అలవాటు లేనివాళ్ళ కోసం చెబుతాను. దేవుడికి నైవేద్యం వండే మనిషి స్నానం చేసి, వేరెవరి చెయ్యీ తగలని బట్ట కట్టుకోవాలి. నూలుబట్ట అయితే ప్రతిసారీ తడిపి, ఎవరూ తిరగని చోట ఆరేసి, ఆరిందాకా దానికి కాపలా కాయాలి. పట్టుకు ఆ బాధ లేదు. పట్టు ఎప్పుడూ మడే. కట్టుకోవడం, విప్పడం, మడతపెట్టి పెట్టెలో పెట్టడం, అంతే. అందువల్ల అత్తమ్మ ఆ చీరకు ఒక్కసారి కూడా నీళ్ళు చూపించలేదు. రాయచూరు ఎండలు, పొయ్యి ముందు నిలబడి వంట, నలభై చిల్లర వేసవులు. చీర సంగతి ఇంతకంటే వివరంగా చెప్పను.

ఇక నా చదువు. నేను పుట్టింది యాపలదిన్నిలో. మా నాన్నకు పత్తిచేను ఉండేది. బడికి పోయే వయసులో నేను పత్తి ఏరాను. పెళ్ళయి రాయచూరు బజారులోని ఈ కిరాణా అంగడి వాళ్ళింటికి వచ్చాక బియ్యం ఏరాను. యాభై ఐదో ఏట మా సందు వెనక అంగనవాడీ గదిలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్ళకు అక్షరాలు నేర్పుతున్నారంటే పోయి కూర్చున్నాను. అక్కడ నేర్పేది కన్నడం. అది వచ్చాక తెలుగు మా కోడలు నేర్పింది. రెండూ అక్కచెల్లెళ్ళలాంటి లిపులు, తలకట్టు దువ్వుకోవడంలోనే తేడా.

అక్షరాలు వచ్చిన కొత్తలో నేను కంటపడిందల్లా చదివాను. సబ్బు కాగితం, బస్సు బోర్డు, కరెంటు స్తంభానికి కట్టిన పుర్రెబొమ్మ కింది మాట, అన్నీ. మా ఆయన బజారుకు నాతో రావడం మానేశాడు. "గోడ గోడకు ఆగుతది. మూత్రం పోయొద్దని రాసిన గోడ కాడ గూడ ఆగి పెద్దగ చదువుతది. పోయబోయేటోడు ఉరికిండు," అని ఇంటికొచ్చి చెప్పుకున్నాడు. అది నిజమే. ఆ మనిషి నన్ను సర్కారు మనిషి అనుకున్నాడు.

కన్నడంలో అర్కావొత్తు అని ఒకటుంది. తెలుగులోనూ పాతకాలంలో వలపలగిలక అని ఉండేదట. అది రకారం. రాసేది అక్షరానికి వెనక, చదివేది ముందు. ఆఖర్లో వచ్చి ముందు వరసలో కూర్చునే పెళ్ళివారి బంధువు లాంటిది. మా తరగతిలో సగంమంది దాని దగ్గరే ఆగిపోయారు. నాకు మూడు వారాలు పట్టింది. అది పట్టుబడిన రోజు నేను పాయసం వండాను.

ఇప్పుడు చెప్పబోయేది ఆ పాయసం తరువాతి శ్రావణమాసం సంగతి.

మొదటి శుక్రవారం పొద్దున స్నానం చేసి, తడిబట్టతోనే దేవుడి గూటి పైనున్న పలక మీది నుంచి పెట్టె దించాను. మూత నిండా ఏళ్ళ తరబడి పెట్టిన పసుపు, కుంకుమ బొట్లు. ఒక మూల బొట్టు రాలిపోయి, కింద ఎర్రటి కన్నడ అక్షరాలు కనిపించాయి. అక్షరం కనిపిస్తే చదవకుండా ఊరుకునే మనిషిని కాదు కదా. కూడబలుక్కున్నాను. రెండో మాట సులభం, సిల్క్. మొదటి మాటలో నా పాత శత్రువు అర్కావొత్తు ఉంది. వెనకదాన్ని ముందుకు తెచ్చి చదివాను. ఆర్ట్.

"అత్తమ్మా, పెట్టె మీద నీ చీర పేరుంది. ఆర్ట్ సిల్క్ అంట," అన్నాను.

"సిల్కంటే పట్టే గదా. ఆ ముందుది ఏంది?"

ఆర్ట్ అంటే నాకు తెలుసు. మనవరాలి బడి టైంటేబుల్లో బుధవారం ఆర్ట్ అని ఉంటుంది. ఆ రోజు వాళ్ళు బొమ్మలు గీస్తారు. "బొమ్మలు గీసే పని, అత్తమ్మా. కళ అంటరు. కళ తెలిసినోళ్ళు నేసిన పట్టు అన్నట్ల," అన్నాను, అడిగిన వెంటనే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

ఎనభై దాటిన అత్తమ్మ ముఖం చీర కంటే ఎక్కువ మెరిసింది. "నేను అనుకుంటనే ఉన్న. ఉత్త పట్టు ఇట్ల మెరవదు," అంది.

ఆ వారమంతా ఆర్ట్ పట్టు మా సందులో తిరిగింది. పాలు పోసే ఆమెకు చెప్పింది. గుడి అరుగు మీద చెప్పింది. అన్నిటికంటే ముఖ్యంగా చిన్నత్తకు చెప్పింది. చిన్నత్త అంటే మామయ్య తమ్ముడి భార్య, వెనక సందులో ఉంటుంది. ఈ తోడికోడళ్ళిద్దరి మధ్య పట్టు విషయంలో నలభై ఏళ్ళుగా పోటీ ఉంది. చిన్నత్తకు బరువైన పట్టుచీరలు నాలుగున్నాయి. అత్తమ్మకు ఒక్కటే, కానీ ఆమె వాదన ఎప్పుడూ ఒకటే: "నీది బరువు, నాది మెరుపు. పైగా నీది నకలీనో ఏందో, అంగడోడు చెప్పింది నమ్మినవ్."

చిన్నత్త ఆర్ట్ పట్టు మాట విని, "మా దాంట్ల ఆర్ట్ లేదు తల్లీ," అని ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిందట. అత్తమ్మ ఆ రోజు రెండు జొన్నరొట్టెలు ఎక్కువ తింది.

రెండో గురువారం వచ్చింది. మర్నాడు వరలక్ష్మీ పూజ. చిన్నత్తతో సహా సందులో ఆడవాళ్ళందరూ మా ఇంటికే వస్తారు. నేనూ మా కోడలూ వంటింట్లో చక్లీలు చేస్తున్నాం. మురుకులనే మేము చక్లీలంటాం. కోడలిది మహబూబ్‌నగర్. ఇక్కడ పీయూసీ, అంటే ఇంటర్, పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. నేను తనకు అత్తమ్మను, మా అత్తమ్మ తనకు అవ్వ. పిండి కలుపుతూ, ఏదో మాటల్లో, "అవ్వ గుడి కాడ ఆర్ట్ పట్టు అంటున్నదంట, ఏంది అత్తమ్మా అది?" అని అడిగింది.

నేను గర్వంగా పెట్టె సంగతి, అర్కావొత్తు సంగతి చెప్పాను. కోడలు పిండి కలపడం ఆపేసింది.

"అత్తమ్మా, ఆర్ట్ అంటే అక్కడ కళ కాదు. ఆర్టిఫిషియల్ అన్న మాటను కురచ చేసిన్రు. చేసిన పట్టు. ఉత్తుత్తి పట్టు. అది రేయాన్."

నా చేతిలోని చక్లీ గొట్టం నూనె మీద తిరగడం ఆగింది, చెయ్యి మాత్రం ఒత్తుతూనే ఉంది. ఒకే ఒక చక్లీ బారెడు పొడుగై మూకుడు దాటి పొయ్యి గట్టు మీదికి పాకింది.

"పెట్టె వేరేది అయ్యుండచ్చు గదా," అన్నాను. "పెట్టె ఒకటి, చీర ఒకటి. మామయ్య ఏదో పెట్టెల పెట్టి తెచ్చిండేమో."

"అయితే కాల్చి చూద్దాం."

"చీరనా!"

"ఒక్క పోగు, అత్తమ్మా. పట్టు పురుగు ఒంట్లకెల్లి వచ్చింది. కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తది, నల్లగ ఉండ కడతది. రేయాన్ అయితే కాగితం కాలినట్ల బుస్సున కాలుతది, మెత్తటి బూడిదైతది."

కోడలు చీరను ముట్టుకోకూడదు. అందుకని నేను మళ్ళీ నెత్తిన నీళ్ళు పోసుకుని, అత్తమ్మ పెరట్లో ఉన్న సమయం చూసి తడిబట్టతో పెట్టె తెరిచి, కొంగు చివర వేలాడుతున్న ఒక్క పోగు దొంగిలించాను. ముందుగా అసలు వాసన ఎలా ఉంటుందో తెలియాలని కోడలు అంటే, నా తెల్లవెంట్రుక ఒకటి పీకి మంట మీద పెట్టాను.

దేవుడి గదిలో నుంచి అత్తమ్మ అరిచింది. "ఏమే, పండగ పూట జుట్టు కాల్చుకుంటున్నరా? ఎవర్ది?"

"నాదే అత్తమ్మా, పొయ్యి కాడ వంగితే తగిలింది!"

"రెండు జడలేసుకుని వంట చేసే వయసా నీది?"

తరువాత పోగు పెట్టాం. బుస్సున కాలింది. కాగితం వాసన. కోడలి వేలి కొసన చిటికెడు మెత్తటి బూడిద మిగిలింది. ఇద్దరం దాన్ని చూస్తూ కూర్చున్నాం. మామూలుగా బూడిదను చూస్తే నాకేమీ అనిపించదు. యరమరస్ బొగ్గు కరెంటు కార్ఖానా పక్క నుంచి గాలి వీచిన రోజు మా ఊరి మేడల మీద ఎంతైనా దొరుకుతుంది. ఈ చిటికెడు మాత్రం గుండెలో పడింది.

భయం దేనికో చెబుతాను. పట్టు కాకపోతే మడి కాదు. మడి కాకపోతే నలభై ఏళ్ళ నైవేద్యాలు లెక్కలోకి రావు. అత్తమ్మకు ఆ పూజగది తప్ప వేరే ఉద్యోగం లేదు. ఆ ఉద్యోగంలో ఆమె ఒక్కరోజు తప్పు చేయలేదని ఆమె నమ్మకం. ఇప్పుడు నేను, అక్షరాలు వచ్చిన ఉత్సాహంలో, ఆమె చేత ఊరంతా చాటింపు వేయించాను. ఎవరో ఒకరు నవ్వకముందే ఏదో చేయాలి.

"రేయాన్ అంటే దేంతో చేస్తరు?" అని అడిగాను.

"కట్టెతో."

"కట్టెతో చీరనా? నన్ను పిచ్చిదాన్ని చేయకే."

కోడలు చక్లీ గొట్టం చేతిలోకి తీసుకుంది. పాఠం చెప్పేటప్పుడు ఆమె గొంతు వేరేగా ఉంటుంది. "చూడు అత్తమ్మా. కట్టెను ముందుగల గుజ్జు చేస్తరు, కాగితానికి చేసినట్ల. ఆ గుజ్జును కాస్టిక్ సోడాల నానబెడతరు."

"సబ్బుల వేసేదా?"

"అదే. నానినంక పిండి, పొడిపొడి చేసి, కొంచెంసేపు ఊరికే పెడతరు."

"పిండి నాననిచ్చినట్ల."

"ఆఁ. తర్వాత దాంట్ల కార్బన్ డైసల్ఫైడ్ అని ఒక మందు కలుపుతరు. కుళ్ళిన ముల్లంగి వాసన. మంచిది కాదు, అక్కడ పనిచేసేటోళ్ళు పీలిస్తే పానానికే చేటు. అది కలిపితే పొడి నారింజ రంగుకు తిరుగుతది. మళ్ళ కాస్టిక్ నీళ్ళల్ల కరిగిస్తే తేనె తీరుగ చిక్కని రసమైతది. దాని పేరే విస్కోస్. అది పక్వానికి రావాలని కొన్ని గంటలు పెట్టి, వడపోస్తరు."

"ఇడ్లీపిండి పులవబెట్టినట్ల."

"నీకు కెమిస్ట్రీ నాకంటే బాగ వచ్చు అత్తమ్మా." ఆమె గొట్టం అడుగున ఉన్న బిల్ల చూపించింది. "దీనికి మూడు రంధ్రాలున్నయి. అక్కడి బిల్లకు వెంట్రుక కంటే సన్నటివి వేలకొద్ది ఉంటయి. రసాన్ని అండ్లకెల్లి ఒత్తుతరు. నూనెలకు కాదు, ఆమ్లంలకు. ఆమ్లం తగలంగనే గట్టిపడి దారమైతది."

"చక్లీ నూనెల పడంగనే గట్టిపడినట్ల."

"అంతే."

నేను గొట్టం తిరిగి తీసుకున్నాను. "అంటే మీ అవ్వ నలభై ఏళ్ళసంది చక్లీ కట్టుకుంటున్నదా?"

"కట్టె చక్లీ," అంది కోడలు, తప్పు దిద్దే టీచరమ్మలా. ఇద్దరం నోట్లో కొంగు కుక్కుకుని నవ్వాం. నవ్వుతూనే నాకు ఏడుపు వచ్చింది. ఏడుస్తూనే రెండు చక్లీలు మాడ్చాను.

కట్టెలో ఉన్న అసలు సరుకు, పత్తిలో ఉన్న సరుకు ఒకటేనని కూడా కోడలు చెప్పింది. సెల్యులోజ్ అంటారట. పత్తిలో దాదాపు అంతా అదే, కట్టెలో ఇంచుమించు సగం. పత్తిగింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగుతో కూడా ఇలాంటి దారాలు చేస్తారట. చిన్నప్పుడు నేను ఒడి నిండా ఏరింది సెల్యులోజ్ అన్నమాట. ఆ సంగతి అప్పుడే తెలిసి ఉంటే ఇంకొంచెం గౌరవంగా ఏరేదాన్ని.

మధ్యాహ్నం నాలుగు గంటలకు చిన్నత్త వచ్చింది. ఆ వయసులో మనిషి అంత వేగంగా నడవడం నేను అంతకుముందు చూడలేదు. చెప్పులు కూడా సరిగా విడవకుండా దేవుడి గది గడప ముందు నిలబడింది. లోపల అత్తమ్మ వత్తులు చేస్తోంది.

"అక్కా, బట్టల అంగట్ల అడిగినక్కా! నాకు గూడ ఒక ఆర్ట్ పట్టు కావాలంటే వాడు నవ్విండు. 'అమ్మా, ఆర్ట్ సిల్కంటే నకలీ పట్టు, మిల్లుల చేస్తరు' అన్నడు. నీది నకలీ అంటక్కా!"

ఆ మాట అనడానికి చిన్నత్త నలభై ఏళ్ళు ఎదురుచూసింది. అందుకే రెండుసార్లు అంది.

అత్తమ్మ వత్తి చేయడం ఆపలేదు. అది అయ్యాక పళ్ళెంలో పెట్టి, వంటింటి గుమ్మంలో ఉన్న నా వైపు తిరిగింది. "ఏమే, నువ్వే గదా చదివింది. సక్కగ చదివినవా?"

తప్పించుకునే దారి అక్కడే ఉంది. కొత్తగా నేర్చుకున్నాను, అర్కావొత్తు దగ్గర తడబడ్డాను, అక్కడ ఉన్నది ఆర్ట్ కాదు అంటే సరిపోయేది. ముసలి వయసులో అక్షరాలు నేర్చిన మనిషి తప్పు చదివిందంటే ఎవరైనా నమ్ముతారు. మా ఆయన వెంటనే నమ్ముతాడు. అత్తమ్మ పట్టు పట్టుగానే ఉండిపోయేది. పోయేది నా చదువొక్కటే. ఇక ఆ ఇంట్లో నేనేది చదివినా, "మళ్ళోసారి వేరేవాళ్ళతోని చదివించు" అంటారు, అంతే కదా.

నోరు తెరిచాను. 'తప్పు చదివిన' అనే మాట నాలుక మీదికి వచ్చింది. కానీ ఆ ఒత్తు కోసం పెట్టిన మూడు వారాలూ దానికి అడ్డం నిలబడ్డాయి.

"సక్కగనే చదివిన అత్తమ్మా," అన్నాను. "ఆర్ట్ సిల్క్ అనే ఉంది. అర్థమే తప్పు చెప్పిన. అది పట్టు కాదు."

చిన్నత్త మురిసిపోతూ గోడకు ఆనుకుంది. అత్తమ్మ ఒడిలోని పత్తి దులుపుకుంది. ఆ తరువాత, నేను ఎంతమాత్రం ఊహించని ప్రశ్న అడిగింది.

"పట్టు గాకపోతే మరి ఏందిది? దేంతోని చేసిన్రు?"

"కట్టెతోని."

"కట్టె యాడిది?"

"చెట్టుది."

"చెట్టుది నానబెట్టి, పీచు తీసి, దారం చేసిన్రా?"

"మధ్యల ఇంకా చాన ఉంది అవ్వా," అంది కోడలు నా వెనక నుంచి. "కాస్టిక్ సోడా..."

"నిన్ను మధ్యల సంగతి అడిగిన్నా? చెట్టు పీచేనా, కాదా?"

కోడలు ఆలోచించింది. కెమిస్ట్రీ చెప్పేవాళ్ళకు అబద్ధం అంత సులభంగా రాదు. "లోపలి సరుకు మారదు అవ్వా. కరిగించి మళ్ళ గట్టిపరుస్తరు, అంతే. చెట్టు పీచే."

"చెట్టు పీచును ఏమంటరు?"

కోడలు నా వైపు చూసింది.

"నార అంటరు!" అంది అత్తమ్మ. వత్తుల పళ్ళెం పక్కకు జరిపి లేచి నిలబడింది. "మడికి చెల్లేటియి మూడు బట్టలు. తడిపి ఆరేసిన నూలు, పట్టు, నార. అడవిల తపస్సు చేసుకునేటోళ్ళు ఏం కట్టిన్రు? పట్టు కట్టిన్రా? నారచీరలు కట్టిన్రు. నలభై ఏళ్ళసంది నేను నారమడిల ఉన్న. నాకే తెల్వదు!"

చిన్నత్త గోడను వదిలి నిటారుగా నిలబడింది. "నార గరుకు ఉంటదక్కా. ఇది మెరుస్తది."

"మంచి చెట్టైతే మెరుస్తది. నీ పట్టు సంగతి చెప్పు ఇప్పుడు. ఒక్క చీరకు ఎన్ని పురుగుల్ని ఉడకబెడతరు? ఏమే కోడలా, ఎన్ని?"

"వేలల్ల, అవ్వా," అంది మా కోడలు. ఇది నిజమే కాబట్టి గట్టిగా చెప్పింది.

"వేల పురుగుల్ని మీదేసుకుని వచ్చి నా లక్ష్మి ముందల కూర్చుంటవ్, షరం లేదా, సిగ్గు లేదా? నా దాంట్ల ఒక్క చీమ గూడ సావలేదు."

చిన్నత్త వెనక్కి తిరిగింది. ఆమె చెప్పులు వేసుకుంటుంటే నాకు జాలి వేసి నాలుగు చక్లీలు పొట్లం కట్టి ఇచ్చాను. పొడుగైనది కూడా ఆమెకే ఇచ్చాను.

ఆమె వెళ్ళాక అత్తమ్మ పెట్టె దింపించుకుని, మూత మీది అక్షరాల మీద వేలు పెట్టి, "ఇదేనా ఆ ఒత్తు?" అని అడిగింది. అవునన్నాను. కాసేపు దాన్ని నిమిరింది.

"మీ మామ అబద్ధం చెప్పలేదే," అంది నెమ్మదిగా. "నా చేతుల పెట్టి, 'ముట్టి చూడు, ఎంత సల్లగ ఉందో' అన్నడు. అంతే అన్నడు. పట్టు అన్నది నేను. 'హౌదు, అవును' అన్నడు. నా ముఖం చూసి కాదనలేకపోయిండు." మళ్ళీ వెంటనే గొంతు పెంచింది. "నిలబడి చూస్తవేందే, నూనె మాడుతున్నది!"

పూజ గొప్పగా జరిగింది. వచ్చినవాళ్ళందరికీ నారమడి గురించి చెప్పింది. చిక్కంతా శనివారం వచ్చింది. పట్టుకైతే నీళ్ళు అక్కరలేదు గానీ, నారమడిని నూలులాగే తడిపి ఆరేయాలని అత్తమ్మ నిర్ణయించింది. కోడలు చేతులు జోడించింది.

"అవ్వా, రేయాన్ పొడిగ ఉన్నప్పుడు బాగనే ఉంటది, ఎండల చెమట తాగుతది, సల్లగ ఉంటది. తడిస్తే బలం సగానికి పడిపోతది. నీళ్ళు మస్తు తాగుతది. ముడుచుకుపోతది గూడ. వద్దు."

"ఎండల చెమట తాగుతదంటివి గదా, సల్లగ ఉంటదంటివి గదా. నీళ్ళు తాగితే తప్పేంది?"

తడిపాము. నలభై ఏళ్ళ తరువాత మొదటిసారి నీళ్ళు చూసిన చీర బకెట్టు నిండా రంగు వదిలింది. మూడో నీళ్ళకు కూడా ఎర్రగానే ఉంది. చీర సంగతి ఇందాక వివరంగా చెప్పనన్నాను కదా, నాలుగో నీళ్ళ రంగు ఇప్పుడూ చెప్పను. పిండవద్దని కోడలు దూరం నుంచి అరుస్తూనే ఉంది. చీర తడిసిన కాగితంలా బరువుగా వేలాడింది. మేడ మీద ఆరేస్తే మధ్యాహ్నానికి గులాబీరంగై, కొంచెం తనలోకి తానే ముడుచుకుని, ముడతలు ముడతలుగా వచ్చింది.

అత్తమ్మ కట్టుకుని చూసుకుంది. అంచు చీలమండ దాటి పైకి పోయింది.

"ఏందే, ఈ వయసుల పొడుగు పెరిగిన్నా?"

"చీర తగ్గింది అత్తమ్మా."

"మరి వచ్చే శుక్రవారానికి నారమడి యాడిది?"

అడుగుతూనే ఆమె చూపు నెమ్మదిగా ఇల్లంతా తిరిగి, దండెం మీద ఆరుతున్న కోడలి నైటీ మీద ఆగింది. కోడలు మాటల్లో ఎప్పుడో, ఈ రోజుల్లో నైటీలు ఎక్కువ రేయాన్‌తోనే వస్తాయని చెప్పింది. చెప్పకుండా ఉండాల్సింది.

"ఏమే," అంది నాతో, "ఆ బట్టల మీద ఏం రాసుంటదో చదువు."

అలా మా ఇంట్లోని ప్రతి బట్ట మెడ వెనక చిన్న గుడ్డముక్క చదివే పని నాకు పడింది. అవి ఇంగ్లీషులో ఉంటాయి. కోడలు ఒక్క సాయంత్రంలో నాకు అవసరమైన పెద్దక్షరాలు నేర్పింది. నాకు వచ్చిన మొదటి ఇంగ్లీషు మాట రేయాన్. ఐదు అక్షరాలు, ఒక్క ఒత్తు కూడా లేదు. ఇంగ్లీషు ఇంత సులభమని తెలిస్తే దాంతోనే మొదలుపెట్టేదాన్ని. రెండో మాట విస్కోస్. అది కూడా చెల్లుతుందని తీర్పు వచ్చింది. మూడో మాట పాలిస్టర్.

"అది దేంతోని చేస్తరు?" అంది అత్తమ్మ.

"భూమిల దొరికే నూనెతోని, అవ్వా. పెట్రోలు తీసే నూనె," అంది కోడలు.

"పెట్రోలా! దీపం పక్కన!" అని అత్తమ్మ నాలుగు నైటీలు, మా ఆయన చొక్కాలు ఆరు పక్కకు నెట్టించింది. మా ఆయన అంగడి నుంచి వచ్చి, తన చొక్కాలు దేవుడి గదికి అంత దూరంగా ఎందుకున్నాయని అడిగాడు. పేలుతాయని చెప్పాను.

చివరికి నెగ్గింది నేను బజారులో కొని, ఇంకా తొడగని కొత్త నైటీ. నీలం రంగు, దాని మీద పళ్ళెమంత పసుపుపచ్చ పొద్దుతిరుగుడు పూలు. తడిపాము, పిండలేదు, నీడన ఆరేశాము. రెండో పాఠం కదా.

మూడో శుక్రవారం పొద్దున అత్తమ్మ ఆ నైటీలో దేవుడి గదిలో నుంచి బయటికి వచ్చింది. నుదుట రూపాయంత బొట్టు, చేతిలో హారతి పళ్ళెం, ఒంటి నిండా పొద్దుతిరుగుడు పూలు. మా ఆయన దండం పెట్టబోయి, ఎటు పెట్టాలో తెలియక నా వైపు పెట్టాడు. "జన్మల ఇంత హాయిగ వండలేదే," అంది అత్తమ్మ. "గాలి కింది నుంచి పైదాకా తిరుగుతున్నది."

అప్పుడే చిన్నత్త వచ్చింది. బరువైన పట్టు, మెడ నిండా చెమట. గడప దగ్గర ఆగి, తోడికోడలిని పై నుంచి కిందికి, మళ్ళీ కింది నుంచి పైకి చూసింది.

"ఇది గూడ నారేనాక్కా?"

"నమ్మకం లేకపోతే చదివించుకో," అంది అత్తమ్మ.

మడిలో ఉన్న మనిషిని నేను ముట్టుకోకూడదు. అందుకని అత్తమ్మే వీపు మా వైపు తిప్పి, తల వంచి, తన చేత్తోనే మెడ వెనక గుడ్డముక్కను బయటికి లాగి పట్టుకుంది. నేను మూరెడు దూరంలో నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, వేలు పెట్టకుండా ఒక్కొక్క అక్షరమే చదివాను.

"రేయాన్."

"మళ్ళోసారి, జరా పెద్దగ," అంది అత్తమ్మ, తల ఎత్తకుండా. "వెనకున్న ఆమెకు ఇనపడాల."

పెద్దగా చదివాను. చిన్నత్త కొంగుతో మెడ తుడుచుకుని, నా చెవి దగ్గరికి వంగి, అత్తమ్మకు వినపడదనుకుంటూ అడిగింది.

"నా కొలతది దొరుకుతదా? పువ్వులు ఇంకొంచెం పెద్దయి."